అమ్మమ్మ డైరీల్లో డ్యూ తేదీలు

మా అమ్మమ్మ 1978 నుంచి 2014 దాకా ఎల్ఐసీ ఏజెంటుగా పనిచేసింది. రేపల్లె, నిజాంపట్నం, చెరుకుపల్లి, భట్టిప్రోలు, ఏరు దాటితే అవనిగడ్డ. ఆవిడ చెప్పులరిగింది ఈ ఊళ్ళలోనే. 2019లో ప్రభువునందు నిద్రించింది. ఆవిడ పోయాక జరిగిన ఆదరణ కూడికలో పాస్టరుగారు ఆవిడ విశ్వాసం గురించి మాట్లాడారు. బ్రాంచి నుంచి వచ్చినవాళ్ళు ఆవిడ రాసిన పాలసీల గురించి మాట్లాడారు. అందరూ నిజమే చెప్పారు, కానీ ఇద్దరు వేర్వేరు మనుషుల గురించి చెబుతున్నట్టు అనిపించింది నాకు. ఆవిడ డైరీలు ఇన్నాళ్ళూ అమ్మ దగ్గర ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఈ మధ్య అమ్మ వాటిని నాకిచ్చింది. అవి చదువుతుంటే భక్తి ఎక్కడ ఆగి వ్యాపారం ఎక్కడ మొదలైందో నాకు దొరకలేదు.

1986 డైరీలో జనవరి పేజీ ఒకటి ఇప్పుడు నా ముందుంది. ఎడమవైపు నీలం సిరాతో పేరు, పాలసీ నంబరు, టేబుల్ 14 (పాలసీ రకం), టర్మ్ 20 (ఎన్నేళ్ళ గడువో), ఏడాది కిస్తీ, డ్యూ తేదీ. కుడివైపు మార్జిన్‌లో ఎర్ర సిరాతో చిన్న అక్షరాలు: "పెద్దపిల్లకు సంబంధం కుదరలేదు." కింద ఇంకొకరి పేరు పక్కన "గేదె చచ్చింది." మరొకరికి "ఆపరేషను, గుంటూరు పెద్దాసుపత్రి." పని జరిగిపోయిన వాటి మీద అడ్డంగా ఒక గీత, దాని పక్కన దేవుడికి కృతజ్ఞతగా "స్తోత్రం" అని.

రాత్రి భోజనాలయ్యాక కుటుంబ ప్రార్థన ఉండేది. కీర్తన పాడి, వాక్యం చదివాక అమ్మమ్మ ఆ డైరీ తెరిచేది. ఆ నెలలో కిస్తీ కట్టాల్సినవాళ్ళ పేర్లు వరసగా చదివి, ఒక్కొక్కరి కోసం ఎర్ర సిరాలో ఏముంటే దాని గురించి ప్రార్థన చేసేది. సంక్రాంతి సెలవుల్లో మేం వెళ్ళేసరికి జాబితా చాలా పొడుగ్గా ఉండేది. అది అయ్యేలోపే మా తమ్ముడు తాతయ్య ఒళ్ళో పడి నిద్రపోయేవాడు. పొద్దున్నే ఆవిడ బయల్దేరి వెళ్ళేది కూడా ఆ పేర్లవాళ్ళ ఇళ్ళకే. గుమ్మంలోకి వెళ్ళగానే ముందు "పిల్లాడికి జ్వరం తగ్గిందా?" అని అడిగేది, కిస్తీ మాట తర్వాత. రాత్రి దేవుణ్ణి అడిగిన దానికి జవాబు వచ్చిందో లేదో తెలుసుకోవాలి కదా ఆవిడకి!

జనవరి జాబితా పొడుగ్గా ఉండటానికీ ఒక కారణం ఉంది. ఏడాది కిస్తీ ఏ నెలలో పడుతుందనేది పాలసీ ఏ నెలలో మొదలైందన్న దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి వరి రైతుల పాలసీలన్నీ కోతలయ్యి, ధాన్యం అమ్మి, చేతిలో డబ్బు ఆడే రోజుల్లోనే రాసేది. ఆగస్టులో ఎవరైనా రైతు ముచ్చటపడి సంతకం పెడతానన్నా ఆగమనేది. "ఇప్పుడు రాస్తే ప్రతి ఏడూ ఆగస్టులోనే కట్టాలయ్యా. నాట్లప్పుడు నీ దగ్గరేముంటాయి?" అనేది. చేతికొచ్చిన పాలసీని ఐదు నెలలు వాయిదా వేసుకునే ఏజెంటును నేను ఇంకొకరిని చూడలేదు.

ఆవిడది లూథరన్ కుటుంబం. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చినప్పటి నుంచి ఈ ప్రాంతంలో మిషన్ బళ్ళూ ఆసుపత్రులూ పుట్టుకొచ్చాయి. ఆవిడ కూడా అలాంటి ఒక బోర్డింగు బళ్ళో ఉండి ఎస్సెల్సీ దాకా చదువుకుంది. తాతయ్య ఎయిడెడ్ బడిలో టీచరు. నలుగురు పిల్లలు, మా అమ్మ పెద్దది. జీతం బొటాబొటి. అయినా ఆవిడ ఈ పనిలోకి వచ్చింది డబ్బు చాలక కాదని అమ్మ కూడా ఒప్పుకుంటుంది.

1977 నవంబర్ 19, శనివారం. దివిసీమ ఉప్పెన అంటే ఇప్పటికీ ఆ వైపు పెద్దవాళ్ళు మాట ఆపేస్తారు. దాదాపు 10,000 మంది పోయారు. రేపల్లె తాలూకా తీరం కూడా దెబ్బతింది. రేపల్లెలో అమ్మమ్మ వాళ్ళ ఇంటి పెంకులన్నీ లేచిపోయాయి, రాత్రంతా చర్చిలోనే ఉన్నారు. తర్వాత స్త్రీల సమాజం వాళ్ళు బియ్యం, పాతచీరలు మూటలు కట్టుకుని తీరం ఊళ్ళకు వెళ్ళారు. ఒక ఊళ్ళో ఇద్దరు ఆడవాళ్ళను కలిశారు. ఇద్దరి భర్తలూ ఆ ఉప్పెనలోనే పోయారు. ఒకాయన బళ్ళో అటెండరు, ఆయన పేర చిన్న పాలసీ ఉంది. రెండో ఆయన కౌలు రైతు, ఏమీ లేదు. ఏడాది తిరిగేసరికి మొదటావిడ ఒక గేదెను కొనుక్కుని పాలు పోస్తోంది, పిల్లలు బడికి వెళ్తున్నారు. రెండో ఆవిడ పిల్లల్ని హాస్టల్లో వదిలి పొగాకును వేడి పెట్టి ఆరబెట్టే బేరన్లలో కూలికి వెళ్ళిపోయింది. "ఇద్దరి తల మీదా చెయ్యి పెట్టి ఒకటే ప్రార్థన చేశానమ్మా నేను," అని అమ్మమ్మ నాతో చాలాసార్లు అంది. ఆ మాట తర్వాత ఇంకేమీ అనేది కాదు.

1978లో ఒక డెవలప్‌మెంట్ ఆఫీసరుగారు ఏజెంటుగా చేరమని తాతయ్యను అడగడానికి ఇంటికొచ్చాడు. ఉద్యోగంలో ఉన్నవాణ్ణి, నేను చేరకూడదని తాతయ్య చెబుతున్నాడు. టీ తెచ్చిన అమ్మమ్మ గ్లాసులు కింద పెట్టి, "ఆడవాళ్ళు చేరొచ్చాండీ?" అని అడిగింది. వాళ్ళత్తగారు ఆ రోజు అన్నం తినలేదట. "మన ఇంటి కోడలు బజార్లెంట తిరిగి డబ్బులు అడుగుద్దా?" అని ఒకటే గొడవ. తాతయ్య మాత్రం ఒక్క మాటా అనలేదు. మర్నాడు పొద్దున సైకిల్ తుడిచి, వెనక క్యారియర్‌కు గోనెపట్టా కట్టాడు, ఆవిడ కూర్చోడానికి. ప్రపోజల్ ఫారాలన్నీ ఆయనే రాసేవాడు. ఆ ముత్యాల్లాంటి అక్షరాలు చూసి తెనాలి బ్రాంచిలో గుమాస్తాలు ఫారం ఎవరిదో చెప్పేసేవారు. ఆవిడ సంచిలో ఫారాలు, కార్బన్ పేపర్లు, వేలిముద్రల పాడ్, పోస్టుకార్డులు, బైబిల్లోని కొత్త నిబంధన చిన్న పుస్తకం ఉండేవి. వసూలైన డబ్బు కట్టడానికి రేపల్లె నుంచి తెనాలికి రైలు, 34 కిలోమీటర్లు. ఆ రైల్లోనే సగం పాలసీలు రాసిందని అమ్మ అంటుంది.

ఇన్సూరెన్స్ అమ్మడమంటే ఎదుటి మనిషి చావు గురించి ఆయన ఇంట్లోనే, ఆయన భార్య ముందే మాట్లాడటం. మన ఇళ్ళలో అది ఎంత కష్టమో తెలిసిందే. చాలామంది ఏజెంట్లు ఆ మాట దాటేసి పిల్ల పెళ్ళి, పిల్లాడి చదువు అంటూ లెక్కలు చెప్పేస్తారు. అమ్మమ్మ దాటేసేది కాదు, కానీ మగవాడితో మొదలుపెట్టేది కూడా కాదు. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని ఇంటావిడతో మాట్లాడేది. మా చర్చిల్లో ఆడవాళ్ళు వండే ముందు దేవుడి కోసం పిడికెడు బియ్యం తీసి విడిగా కుండలో వేస్తారు, ఆదివారం చర్చికి తెచ్చిస్తారు. "పిడికెడు తీస్తే మీ అన్నం తగ్గిందా ఏనాడన్నా? అట్టాగే ఈ పిల్లల పేర ఇంకో పిడికెడు తియ్యి," అనేది. ఈ మాటతో ఆవిడ రాసినన్ని పాలసీలు బోనస్ రేట్లు చెప్పి రాయలేదు.

విశ్వాసుల్లోనే కొందరు గట్టిగా అడ్డం తిరిగేవారు. దేవుని మీద ఆధారపడేవాళ్ళకు ఇన్సూరెన్స్ ఎందుకు, అది అపనమ్మకం కదా అని. ఇది తేలిక ప్రశ్న కాదు, ఇప్పటికీ కొన్ని సంఘాల్లో అడుగుతూనే ఉన్నారు. ఆవిడ వాదించేది కాదు, బైబిల్ తెరిచేది. ఐగుప్తులో యోసేపు ఏడేళ్ళ సమృద్ధిలో ధాన్యం కొట్లలో పోయించాడు. కరువు వస్తుందని చెప్పింది దేవుడే, దాచమన్నదీ ఆయన ఇచ్చిన జ్ఞానమే. అది చదివాక పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయం. సొంత ఇంటివాళ్ళను చూసుకోనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని అందులో ఉంది. అక్కడితో బైబిల్ మూసి టీ అడిగేది. ఒక పాస్టరుగారు ఈ రెండూ విని, తన పేర ఒకటీ భార్య పేర ఒకటీ రాయించుకున్నారు.

ఎల్ఐసీ గుర్తు కింద "యోగక్షేమం వహామ్యహం" అని ఉంటుంది, భగవద్గీత తొమ్మిదో అధ్యాయం ఇరవై రెండో శ్లోకంలోని మాట. ఒకసారి భట్టిప్రోలులో ఒక కరణంగారు, "మీరు క్రైస్తవులు గదమ్మా, మా శ్లోకం సంచి మీద పెట్టుకుని తిరుగుతున్నారే?" అన్నారట. "మంచి మాటండీ. మీ మంచిచెడ్డలు నేను చూసుకుంటాననే గదా అర్థం. ఇక్కడ సంతకం పెడితే ఆ మాట ఇవాళ్టి నుంచే మీ ఇంటికి పనిచేస్తది," అంది ఆవిడ. ఆయన పెట్టారు. వాళ్ళ మనవడి పాలసీ కూడా తర్వాత ఆవిడే రాసింది.

రెండు విషయాల్లో మాత్రం అస్సలు మెత్తబడేది కాదు. మొదటిది, తొలి కిస్తీ. గడువు తీరాక డబ్బు తిరిగొచ్చే ఎండోమెంట్ పాలసీల్లో అప్పట్లో మొదటి ఏడాది కమిషన్ పెద్దది, నూటికి 25, పైన బోనస్ కమిషన్. రెండు, మూడు ఏళ్ళకు ఏడున్నర, ఆ తర్వాత ఐదు. అందుకని జనం "మొదటి కిస్తీలో సగం మీరే కట్టండి, పాలసీ మీకే ఇస్తాం" అంటారు. కొందరు ఏజెంట్లు కడతారు కూడా. ఇన్సూరెన్స్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం అది తప్పు. ఆవిడకు సెక్షన్ నంబరు తెలుసు, కానీ ఎదుటివాళ్ళకు చెప్పేది వేరు: "నా కమిషన్లో పదో వంతు దేవుడిది. మిగిలింది నా పిల్లలది. మీకియ్యడానికి నాదంటూ అందులో ఏమీ లేదు." ఈ ఒక్క మాట వల్ల చేజారిన పాలసీలు చాలానే ఉన్నాయి. డెవలప్‌మెంట్ ఆఫీసరు తలపట్టుకునేవాడు. ఆవిడ మాత్రం కమిషన్ రాగానే పదో భాగం లెక్కగట్టి కవర్లో పెట్టి, మిగిలిన దాంతో నెల నడిపేది.

రెండోది, ఫారంలో అబద్ధం. ఉబ్బసం ఉన్నా, షుగర్ ఉన్నా, ఇదివరకు ఆపరేషను జరిగినా రాయాల్సిందే. "రాస్తే ప్రీమియం పెరుగుద్దేమోనమ్మా" అని బతిమాలినా వినేది కాదు. "ఇప్పుడు దాస్తే రేపు నీ పెళ్ళాం ఏడవాల్సి వస్తది" అని మొహం మీదే చెప్పేది. చావు మాట అంత సూటిగా ఆవిడ నోటివెంట వచ్చేది ఆ ఒక్క సందర్భంలోనే.

డైరీలన్నిటిలో నేను మళ్ళీ మళ్ళీ తిరగేసిన పేరు ఒకటుంది. నిజాంపట్నం దగ్గర పల్లెపాలెంలో ఒక జాలరి, పది వేల పాలసీ. 1984లో వేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదు. మనుషులూ దొరకలేదు, పడవా దొరకలేదు. శవం లేకపోతే మరణ ధృవపత్రం లేదు. మనిషి గురించి ఏడేళ్ళపాటు ఎవరికీ ఏ కబురూ అందకపోతేనే చనిపోయినట్టు భావించాలని పాత సాక్ష్య చట్టం 108వ సెక్షన్ చెప్పేది. అప్పటిదాకా ఆయన బతికున్నట్టే లెక్క. బతికున్నవాడి పాలసీకి కిస్తీలు కట్టాలి. కట్టకపోతే లాప్స్ అయిపోతుంది, అంటే పాలసీ ఆగిపోతుంది, ఏడేళ్ళ తర్వాత కోర్టు కాగితం తెచ్చినా పూర్తి డబ్బు చేతికి రాదు.

ఆ జాలరి భార్యకు అప్పటికి పాతికేళ్ళు లేవు, ఇద్దరు పిల్లలు. బొట్టు తియ్యలేదు. మొగుడు ఎక్కడో ఒడ్డుకు కొట్టుకుపోయాడని, వస్తాడని ఆమె నమ్మకం. ఆయన బతికున్నాడు కాబట్టే ఆరు నెలలకోసారి కిస్తీ కట్టేది ఆమె. అమ్మమ్మ కట్టించింది క్లెయిము కోసం. ఆ సంగతి ఆమెతో ఒక్కసారి కూడా అనలేదు. గుడిసె ముందు కూర్చుని, డబ్బు లెక్కపెట్టుకుని, రసీదు ఇచ్చి, పిల్లలకు చేతిలో ఏదన్నా పెట్టి వచ్చేసేది. డబ్బు తక్కువ పడినప్పుడు తన జేబులోంచి వెయ్యలేదు, దానం తీసుకునే మనిషి కాదు ఆ అమ్మాయి. ఆమె ఎండబెట్టిన నెత్తళ్ళు, ఎండురొయ్యలు సంచుల్లో కట్టించుకుని, తెనాలి రైలెక్కి, పాలసీదార్ల ఇళ్ళలోనూ బ్రాంచి మెట్ల దగ్గరా తూకం వేసి అమ్మి, ఆ డబ్బు కిస్తీకి జమ చేసేది. రైలు పెట్టెలో వాసనకు జనం మొహం తిప్పుకునేవారట. పాలసీ అమ్మినంత ఓపిగ్గా నెత్తళ్ళు కూడా అమ్మిందని తాతయ్య చెప్పి మురిసిపోయేవాడు.

ఆ ఏడేళ్ళ డైరీల్లో ఆమె పేరు పక్కన ఎర్ర సిరాతో ఒకటే మాట: "కబురు లేదు." 1992లో కోర్టు డిక్రీ వచ్చింది, తర్వాత చెక్కు వచ్చింది. చెక్కు పట్టుకుని అమ్మమ్మే వెళ్ళింది. ఆ సాయంత్రానికి ఇంటికి రాలేదు, మర్నాడు పొద్దుటి బస్సుకు వచ్చింది. అక్కడ ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. డైరీలో ఆమె పేరు మీద అడ్డంగా గీత ఉంది. పక్కన స్తోత్రం అని రాయలేదు. ఇన్ని డైరీల్లో గీత ఉండి ఆ మాట లేనిది నాకు కనబడింది అదొక్కటే.

ఇదంతా చదివి ఆవిడ ఇంట్లో కూడా ఇలాగే ఉండేదనుకుంటే పొరపాటు. అమ్మకు ఇప్పటికీ బాధ ఉంది, దాన్ని దాచిపెట్టి రాస్తే నాకు నచ్చదు. ఎల్ఐసీకి మార్చి 31తో ఏడాది ముగుస్తుంది, ఏజెంట్లకు ఊపిరాడదు. పదో తరగతి పరీక్షలూ ఆ రోజుల్లోనే. 1979లో అమ్మ పరీక్షలకు వెళ్తూ ముగ్గురు చిన్నవాళ్ళకు అన్నం వండి, నాయనమ్మకు కాఫీ ఇచ్చి, జడలు వేసుకుంటూ పరిగెత్తేది. "ఊళ్ళో ఎవరి పిల్లకు ఎన్నో నెలో ఆవిడకు తెలుసు. నా హాల్ టిక్కెట్టు నంబరు అడగలేదు ఒక్కరోజు," అంటుంది. నేను 1979 డైరీ వెతికాను. మార్చి పేజీలో పాలసీదార్ల మధ్యలో అమ్మ పేరుంది. పాలసీ నంబరు లేదు. ఎర్ర సిరాతో "పరీక్షలు. లెక్కలంటే భయపడుతోంది" అని. తీసుకెళ్ళి చూపించాను. అమ్మ చాలాసేపు చూసింది. "రాసుకుంటే సరిపోయిందా? అన్నం ఎవరు వండారు?" అంది. అమ్మ అన్నదే నిజం. ఆ డబ్బుతోనే నలుగురూ కాలేజీలు చదివారన్నదీ నిజమే, కానీ దాంతో ఇది కొట్టుకుపోదు.

2000 తర్వాత ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. ఆవిడ పరిచయాల కోసం పెద్ద ఆశలు చూపించి పిలిచారు, వెళ్ళలేదు. మార్కెట్‌తో ముడిపడ్డ యూనిట్ లింక్డ్ పాలసీలు జోరుగా నడిచిన రోజుల్లో అవీ అమ్మలేదు. "మార్కెట్ పడిపోతే ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కను?" అనేది. ఆ ఏళ్ళలో ఆవిడ ఆదాయం బాగా తగ్గింది. తాతయ్య పోయాక ఫారాలు రాసేవాళ్ళు లేక ఇంకా తగ్గింది. 2014లో మోకాళ్ళు పూర్తిగా సహకరించక ఆపేసింది. అప్పటికి ఆవిడ దగ్గర తండ్రి, కొడుకు, మనవడు వరసగా మూడు తరాలు పాలసీ తీసుకున్న ఇళ్ళు ఉన్నాయి.

భూస్థాపన రోజు సమాధుల తోట దాకా నడిచినవాళ్ళలో సగంమంది మా చర్చివాళ్ళు కాదు. పల్లెపాలెం నుంచి ఒక ఆటో నిండా వచ్చారు. ఒక సాయిబుగారు, రేపల్లెలో టైలరు, ఆవిడ పెట్టె తనూ మోస్తానని భుజం పెట్టాడు.

ఏజెంటు పోయినా ఆమె రాసిన పాలసీల మీద రెన్యువల్ కమిషన్ వారసులకు వస్తుంది. అది ఇప్పుడు అమ్మ ఖాతాలో పడుతోంది. ఏటా తగ్గుతోంది, పాలసీలు ఒక్కొక్కటే మెచ్యూర్ అయిపోతున్నాయి కదా. పడగానే అమ్మ పదో వంతు తీసి కవర్లో పెడుతుంది. ఫోన్లు కూడా అమ్మకే వస్తాయి. తను ఏజెంటు కాదని ఎన్నిసార్లు చెప్పినా వినరు. మొన్న నేను ఇంట్లో ఉండగా చెరుకుపల్లి నుంచి ఒకాయన చేశాడు. కూతురు చిన్నప్పుడు అమ్మమ్మ రాసిన పాలసీ మెచ్యూర్ అయిందట, ఏం చెయ్యాలో తెలియడం లేదట. అమ్మ పొయ్యి మీద పప్పు దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి మొదలుపెట్టింది: "బాండు ఒరిజినల్ ఉందా, లేకపోతే జిరాక్సా? ఆ, ఒరిజినలే కావాలి. పిల్ల పేర బ్యాంకు ఖాతా ఉందా? పాస్‌బుక్కు మొదటి పేజీ జిరాక్స్ తియ్యి. డిశ్చార్జి ఫారం మీద రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదే సంతకం పెట్టించు, పక్కన కాదు. సోమవారం పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నమైతే రద్దీ."